వరస ఇళ్లు, ఉమ్మడి గోడలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఇంగ్లండ్‌లోని బాత్ నగరంలో నెలవంక ఆకారంలో ఉన్న రాయల్ క్రెసెంట్ ఫొటోలు పోయిన సంచికలో వేశాం. మధ్యలో సందు లేకుండా, గోడకు గోడ ఆనించి, ఒకే ఎత్తులో వరసగా కట్టిన ఇళ్లను అక్కడ టెర్రస్ అంటారని రాశాం. ఆ ఇళ్ల గురించీ, చెన్నైలో అలాగే గోడలు పంచుకుంటున్న పాత ఇళ్ల గురించీ వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: రాయల్ క్రెసెంట్ మీద కాలేజీలో సెమినార్ ఇవ్వాలి. 30 ఇళ్లూ ఒకే ప్లానులో కట్టారా? ముఖభాగం మొత్తం ఒకరే గీస్తే లోపల ఎవరికి కావలసినట్టు వాళ్లు ఎలా కట్టుకోగలిగారు?
— ఆర్కిటెక్చర్ విద్యార్థిని, తాంబరం

జవాబు: ఒకే ప్లాను కాదు. ఒకటిగా ఉన్నది ముందు గోడ మాత్రమే.

ఆర్కిటెక్టు చిన్న జాన్ వుడ్ 1767లో మొదలుపెట్టి 1774కల్లా ముగించిన ఈ వరసలో ఆయన కచ్చితంగా నిర్ణయించింది ముఖభాగం. ఇల్లు కావలసినవాళ్లు ఆ ముఖభాగంలో ఇన్ని అడుగులని తీసుకుని, వెనక ఇంటిని తమ సొంత ఆర్కిటెక్టు చేత తమ అవసరానికి తగ్గట్టు కట్టించుకున్నారు. అందుకే పచ్చిక వైపు నిలబడితే 114 అయానిక్ (తల దగ్గర చుట్టలు తిరిగిన గ్రీకు తరహా) స్తంభాలు ఎక్కడా తడబడకుండా వరసగా సాగుతాయి. వెనక్కి వెళితే ఒకరి కప్పు ఎత్తు, పక్కవారిది పల్లం. ఒకరి గది బయటికి పొడుచుకొస్తుంది, ఇంకొకరిది గోడతోనే ఆగిపోతుంది. కిటికీల మట్టాలు కూడా కలవవు. సెమినార్‌లో ముందువైపు బొమ్మ ఒక్కటే పెడితే సగమే చెప్పినట్టు. ముందు, వెనక ఎలివేషన్లు (నిటారుగా చూస్తే కనబడే గోడ బొమ్మలు) రెండూ ఒకే స్కేలులో గీసి ఒకదాని కింద ఒకటి పెట్టండి. అప్పుడు మీ ప్రశ్నకు జవాబు కాగితం మీదే కనబడుతుంది.

ప్లాను గీసేటప్పుడు చాలామంది చేసే తప్పు ఒకటుంది. ఇళ్లను దీర్ఘచతురస్రాలుగా గీసేస్తారు. క్రెసెంట్ ముఖం లోపలికి వంగి ఉంటుంది కాబట్టి ముందు అంచు పొడవు తక్కువ, వెనక అంచు పొడవు ఎక్కువ. రెండిళ్ల మధ్య గోడలు సమాంతరంగా ఉండవు, వెనక్కి పోయేకొద్దీ విచ్చుకుంటాయి. ఆ తేడా ఎక్కడ సర్దారన్నది ఇంటింటికీ వేరు. మెట్ల దగ్గర సర్దినవాళ్లున్నారు, అలమరాల లోతులో సర్దినవాళ్లున్నారు.

ముఖభాగం ఒకే రాజమహల్‌లా కనబడటానికి వుడ్ చేసిన పనులు మూడు. నేల అంతస్తును అలంకారం లేకుండా సాదాగా వదిలేశాడు. దానితో 30 తలుపులూ చూపును లాక్కోవు. స్తంభాలను మొదటి అంతస్తు నుంచి పైకి రెండంతస్తుల ఎత్తున నిలబెట్టాడు. అతిథులను కూర్చోబెట్టే గదులు ఆ అంతస్తులోనివే. ఇక వరస మధ్యలోనూ రెండు చివర్లా జంట స్తంభాలు పెట్టి, నడిమి ఇంటికి పైన గుండ్రటి కమాను కిటికీ ఇచ్చాడు. అంత పొడవు వంపులో చూపు ఆగడానికి ఆ మూడు చోట్లే ఉన్నాయి.

ఈ పద్ధతి ఆయనతో మొదలైంది కాదు. ఆయన తండ్రి పెద్ద జాన్ వుడ్ అదే ఊళ్లో క్వీన్ స్క్వేర్ ఉత్తరపు వరసను 1728 నుంచి 1736 మధ్య ఒకే మహల్ ముఖంగా కట్టాడు. తర్వాత 1754లో సర్కస్ అనే వలయాకారపు వరస మొదలుపెట్టి ఆ ఏడే చనిపోతే, కొడుకు 1768లో పూర్తి చేశాడు. సర్కస్‌లో డోరిక్ (సాదా తల), అయానిక్, కొరింథియన్ (ఆకులు చెక్కిన తల) స్తంభాలు అంతస్తుకొక రకంగా ఒకదాని మీద ఒకటి ఉంటాయి. క్రెసెంట్‌లో ఒకే రకం, ఒకే ఎత్తు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తే మీ సెమినార్‌కి బలం వస్తుంది. మా దృష్టిలో క్రెసెంట్ గొప్పతనం అలంకారం తగ్గించడంలోనే ఉంది.

ఇంకొక్క మాట. అందరూ స్తంభాలే లెక్కపెడతారు గానీ ఈ వరసను నిలబెట్టేవి ఇంటికీ ఇంటికీ మధ్య ఉన్న ఉమ్మడి గోడలు. నేలమాళిగ నుంచి కప్పు దాకా తెగకుండా వెళ్లి బరువు మోసేవీ, పొయ్యి గొట్టాలు దాచుకునేవీ, నిప్పును ఆపేవీ అవే. 1942లో బాత్ మీద బాంబులు పడినప్పుడు ఈ వరసలో రెండిళ్లు లోపల పూర్తిగా కాలిపోయాయి. మిగతా వరస నిలబడింది. ఆ గోడల గురించి ఒక స్లయిడ్ తప్పక పెట్టండి.

ప్రశ్న: లండన్ పాత ఇళ్లలో ఇటుకలతో మూసేసిన కిటికీలు కనబడతాయి. కిటికీ పన్ను తప్పించుకోవడానికే మూశారంటారు. నిజమా?
— పాఠకుడు, మైలాపూర్

జవాబు: కొన్నిటి విషయంలో నిజం. ఇంగ్లండ్‌లో కిటికీ పన్ను 1696 నుంచి 1851 దాకా ఉంది. కానీ కనబడిన ప్రతి మూసిన కిటికీ పన్ను కోసం మూసింది కాదు. లోపల పొయ్యి గొట్టమో, అడ్డగోడో వచ్చిన చోట బయట వరస చెడకుండా ఉత్తుత్తి కిటికీ గూడు కట్టడం అప్పటి అలవాటు. తేడా ఇటుకల్లోనే తెలుస్తుంది. మూసిన ఇటుకల వరసలు పక్క గోడ వరసలతో కలిసిపోయి ఉంటే అది మొదటి నుంచీ ఉన్న ఉత్తుత్తి కిటికీ. చుట్టూ నిట్టనిలువు అతుకు కనబడి, ఇటుక రంగు మారితే తర్వాత మూసింది.

కిటికీ చౌకట్టు గోడలో ఎంత లోపలికి ఉందో కూడా చూడండి. నిప్పు పాకకుండా లండన్‌లో 1709 నుంచి చౌకట్టును గోడ ముఖానికి 4 అంగుళాలు లోపలికి జరపమన్నారు. 1774 చట్టం చౌకట్టు పెట్టెను ఇటుక వెనకే దాచమంది. అందుకే తర్వాతి ఇళ్లలో బయటికి సన్నటి చెక్క గీత ఒక్కటే కనబడుతుంది. ఇంటి కాలం అంచనా వేయడానికి ఇది పనికొస్తుంది గానీ, చౌకట్లు మార్చిన ఇళ్లూ, చట్టం ఆలస్యంగా పట్టించుకున్న ఊళ్లూ ఉన్నాయి. ఒక్క దీన్ని బట్టే తేల్చేయకండి.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు లండన్‌లో 1820ల నాటి వరస ఇల్లు కొనబోతున్నారు. తనిఖీ చేసిన ఇంజనీరు ముందు గోడ రెండో అంతస్తు దగ్గర ఉబ్బి ఉందని రాశాడు. అంత లావు ఇటుక గోడ ఎందుకు ఉబ్బుతుంది? కొనవచ్చా?
— గృహిణి, అన్నానగర్

జవాబు: అమ్మా, లావుగా కనబడే ఆ గోడ చాలా ఇళ్లలో రెండు పొరలు. ఉబ్బడానికి మూలం అదే.

ఆ కాలపు బిల్డర్లు బయటి వైపు ఖరీదైన ఇటుకను సన్నటి అతుకులతో పేర్చేవారు. లోపల చవక ఇటుక, లావు అతుకులు. అతుకు మందం వేరైతే వరసలు ఒక మట్టానికి రావు. వరసలు కలవకపోతే రెండు పొరలనూ కలిపి పట్టే అడ్డ ఇటుకను వేయడం కుదరదు. బయట నుంచి చూస్తే ఒక నిలువు ఇటుక, ఒక అడ్డ ఇటుకగా ఫ్లెమిష్ కట్టు చక్కగా కనబడుతుంది. ఆ అడ్డ ఇటుకల్లో చాలా భాగం సగానికి విరగ్గొట్టి ముఖానికి అంటించినవే. అంటే నాలుగున్నర అంగుళాల ముఖపు పొర, వెనక గోడను అక్కడక్కడ మాత్రమే పట్టుకుని నిలబడి ఉంటుంది.

రెండో కారణం గోడలో కట్టేసిన చెక్క. లోపలి చెక్క పలకలు కొట్టుకోవడానికి వీలుగా గోడ పొడవునా దుంగలు పెట్టి వాటి మీద ఇటుక కట్టారు. పిట్టగోడ నుంచో, కిటికీ గడప నుంచో చెమ్మ దిగి ఆ దుంగ పుచ్చిపోతే లోపలి పొర కిందికి కుంగుతుంది. బయటి పొర కుంగదు. ఆ తేడాకి బయటి పొర బొజ్జలా ముందుకొస్తుంది. కిటికీల మీద ఇటుక కమాను వెనక కూడా చెక్క దూలమే ఉంటుంది. అది పుచ్చితే కమానులో బీట పడుతుంది. ఇక మూడోది, నేల దంతెలు ముందు గోడలోకి కాకుండా పక్క గోడల్లోకి వెళ్లిన ఇళ్లలో ముందు గోడను ఏ అంతస్తూ వెనక్కి పట్టుకోదు.

కొనే ముందు అల్లుడు గారు ఇంజనీరును అడగవలసినవి ఇవి. పిట్టగోడ నుంచి తూకపు గుండు వేలాడదీసి ప్రతి అడుగుకూ గోడకు దూరం కొలిచారా? ఆ అంకెల పట్టీ ఇవ్వమనండి. ఊరికే ఉబ్బింది అని రాస్తే చాలదు. గోడను తట్టి చూశారా? డొల్ల మోత ఎంత మేర వచ్చిందో గీసి చూపమనండి. లోపల పుచ్చిన చెక్క ఉందో లేదో తెలియాలంటే ఒకచోట పూత విప్పి చూడాలి. అమ్మేవాళ్లు దానికి ఒప్పుకోకపోతే ధరలో ఆ అనుమానాన్ని లెక్కేసుకోవాలి. ఉబ్బు పాతదా, ఇప్పటికీ పెరుగుతోందా అన్నది అన్నిటికంటే ముఖ్యం. లండన్ కింద ఉన్న బంకమట్టి ఎండాకాలం ముడుచుకుని వానాకాలం పొంగుతుంది. అందువల్ల రెండు నెలల కొలత ఏమీ చెప్పదు, ఏడాది పొడవునా చూడాలి. బీటల్లో పాత రంగు, పాత దుమ్ము పేరుకుని ఉంటే ఉబ్బు ఎప్పుడో ఆగిపోయిందనడానికి అదొక గుర్తు.

ఆగిపోయిన ఉబ్బుకి గోడ కూల్చనక్కర్లేదు. అతుకుల్లో సన్నటి రంధ్రాలు వేసి మెలితిరిగిన స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలతో రెండు పొరలనూ కుడతారు. ప్రతి అంతస్తు దగ్గరా గోడను ఉక్కు పట్టీలతో దంతెలకు బిగిస్తారు. దంతెలు గోడకు సమాంతరంగా ఉంటే పట్టీ కనీసం మూడు దంతెల మీదుగా పోవాలి, పట్టీకీ పట్టీకీ మధ్య 2 మీటర్లు మించకూడదు. చెమ్మ దిగే చోటు ముందు మూయకుండా ఇవన్నీ చేస్తే డబ్బు దండగ.

చేయకూడని పని ఒకటుంది. అతుకులు సిమెంటుతో నింపనివ్వకండి. ఆ ఇటుక మెత్తన. గోడలో చేరిన చెమ్మ సున్నపు అతుకుల గుండా బయటికి ఆరిపోతుంది. సిమెంటు పెడితే ఆ దారి మూసుకుపోయి చెమ్మ ఇటుక ముఖం గుండా రావలసి వస్తుంది. చలికాలం అది గడ్డకట్టినప్పుడు ఇటుక పెచ్చులుగా రాలుతుంది. అతుకును దాని వెడల్పుకు రెట్టింపు లోతు చేత్తో గీకి, సున్నంతోనే నింపించాలి.

కొనవచ్చా అని అడిగారు. ఆగిన ఉబ్బు అయి, ధర దానికి తగ్గట్టు ఉంటే భయపడనక్కర్లేదు. అలాంటి గోడలతోనే ఎన్నో ఇళ్లు రెండు వందల ఏళ్లు నిలబడ్డాయి. మరమ్మతు మొదలుపెట్టే ముందు మాత్రం అక్కడి 1996 ఉమ్మడి గోడల చట్టం కింద ఇరుగుపొరుగుకు నోటీసు ఇవ్వవలసి రావచ్చు. ఉమ్మడి గోడ మీద పనికి రెండు నెలల ముందు, పక్కింటి పునాదికి 3 మీటర్ల లోపల దాని కంటే లోతుగా తవ్వాలంటే ఒక నెల ముందు.

ప్రశ్న: సముద్రం పక్కగా పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు, ఈసీఆర్‌లో కట్టే ఇంటికి ఇంగ్లిషు పద్ధతిలో పైకీ కిందికీ జరిగే కిటికీలు కావాలని ఆర్డరు వచ్చింది. తాడు, కప్పి, తూకపు గుండ్ల లెక్క ఎలా? ఒకటి చేసి చూస్తే కింది రెక్క దానంతట అదే పైకి లేస్తోంది.
— వడ్రంగి మేస్త్రి, వ్యాసర్పాడి

జవాబు: మేస్త్రి గారూ, మీ గుండ్లు రెక్క కంటే బరువున్నాయి. అద్దం బిగించకముందే రెక్కను వేలాడదీసి చూసి ఉంటారు, లేదా పైరెక్క గుండ్లు కిందిదానికి పడి ఉంటాయి.

రెక్కను అద్దం, రంగు, పిడి అన్నీ అయ్యాకే తూచాలి. అద్దం బరువు ముందే అంచనా వేయాలంటే, చదరపు మీటరుకు ఒక్కో మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు. 4 మి.మీ. అద్దమైతే చదరపు మీటరుకు 10 కిలోలు. రెక్క మొత్తం 11 కిలోలు వచ్చిందనుకోండి. పైరెక్కకు గుండ్ల బరువు అర కిలో ఎక్కువ ఉండాలి, అంటే ఒక్కో వైపు 5.75 కిలోలు. అప్పుడది పైకే నొక్కుకుని నిలుస్తుంది. కిందిరెక్కకు అర కిలో తక్కువ, ఒక్కో వైపు 5.25. అప్పుడది కిందికి నొక్కుకుని మూసుకుంటుంది. రెంటికీ సమానంగా వేస్తే మధ్యలో సందు మిగిలిపోతుంది.

45 మి.మీ. వ్యాసం పోత ఇనుప గుండు 5.75 కిలోలు రావాలంటే సుమారు 50 సెంటీమీటర్ల పొడవుండాలి. సీసమైతే 32 చాలు. గుండు పొడవు, రెక్క జరిగే దూరం రెండూ కలిపి కప్పి నుంచి పెట్టె అడుగు దాకా ఉన్న ఎత్తు కంటే తక్కువ ఉండాలి. జంట అద్దాలు అడిగితే రెక్క బరువెక్కి ఇనుప గుండు ఇమడదు, అప్పుడు సీసం తప్పదు.

తాడు కొలత దగ్గరే చాలా కిటికీలు చెడతాయి. కిందిరెక్కను పూర్తిగా పైకెత్తినప్పుడు గుండు పెట్టె అడుగును తాకకుండా రెండు మూడంగుళాల పైన వేలాడాలి. అదే రెక్క మూసినప్పుడు గుండు కప్పికి కొట్టుకోకూడదు. తాడును రెక్క పక్క గాడిలో మేకులతో కొట్టేటప్పుడు పై మేకు ఎక్కడన్నది చూడండి. చౌకట్టు పై అంచు నుంచి కప్పి ఇరుసు దాకా ఎంత దూరముందో, రెక్క పై అంచు నుంచి కనీసం అంత దూరం కిందికి మొదటి మేకు ఉండాలి. అంతకంటే పైన కొడితే రెక్క ఆఖరి రెండంగుళాలు ఎక్కదు. మనవాళ్లు అది చెక్క బిగుసుకుందని అంచులు చిత్రిక పట్టేస్తారు.

పెట్టెలో రెండు గుండ్ల మధ్య పైనుంచి వేలాడే పల్చటి చెక్క పట్టీ పెట్టండి. లేకపోతే ఒకదానికొకటి తగులుకుని ఇరుక్కుంటాయి. పక్క పలక అడుగున చెయ్యి పట్టేంత ముక్క కోసి, స్క్రూతో ఊడివచ్చేలా బిగించండి. తాడు తెగిననాడు గుండు బయటికి తీయడానికి అదే దారి. విప్పే వరస కూడా ఇంటివాళ్లకు చెప్పండి: ముందు లోపలి పట్టీ, తర్వాత కిందిరెక్క, తర్వాత రెక్కల మధ్య పట్టీ, ఆఖరున పైరెక్క.

సముద్రపు గాలికి ఇనుప కప్పి ఎక్కువ కాలం తిరగదు, ఇత్తడివి వాడండి. రెక్కకు రెండు పక్కలా ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల సందు వదలండి. ఎండాకాలంలో ఆ సందు ఎక్కువనిపిస్తుంది గానీ నవంబరు చెమ్మకు టేకు కూడా కాస్త ఉబ్బుతుంది. తాడుకీ, రెక్క జారే పలకకీ రంగు వేయకండి. పలకకు కొవ్వొత్తి మైనం రుద్దితే చాలు. ఇంటివాళ్లు జార్జియన్ కాలపు (18వ శతాబ్దం, 19వ శతాబ్దం తొలి భాగం) కిటికీ అంటున్నారా, విక్టోరియన్ (ఆ తర్వాతి కాలపుది) అంటున్నారా అన్నది కూడా కనుక్కోండి. మొదటిదానికి చిన్న అద్దాలు, సన్నటి కమ్మీలు. పైరెక్క మూలల్లో కిందికి దిగే కొమ్ములు ఉండవు. కొమ్ములు పెద్ద పెద్ద అద్దాలు, వాటి బరువు వచ్చాక అతుకు బలానికి పెట్టినవి.

ప్రశ్న: ఆ ఇళ్లకు వీధి కంటే కింద ఒక అంతస్తు, దాని ముందు గొయ్యి, కమ్మీల కంచె ఎందుకు?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, పెరంబూర్

జవాబు: చాలా చోట్ల గొయ్యి తవ్వింది తక్కువ, వీధిని ఎత్తింది ఎక్కువ. పునాదికి తీసిన మట్టిని ముందు పోసి రోడ్డు లేపేవారు. వెనక పెరట్లోకి వెళ్లి చూస్తే నేల వీధి కంటే పల్లంలో ఉంటుంది. వంటిల్లు, నౌకర్ల పని ఆ కింది అంతస్తులో. ముందున్న ఖాళీ దానికి వెలుతురు, గాలి ఇచ్చి గోడకు తడి మట్టి ఆనకుండా కాపాడుతుంది. కాలిబాట కింద ఇటుక కమాను గదులు బొగ్గు కోసం. బాటలో కనబడే గుండ్రటి ఇనుప మూతలోంచి బొగ్గు నేరుగా కిందికి పోసేవారు, బస్తాలు ఇంట్లోంచి మోసే పని లేకుండా. ఆ ఖాళీని పూడ్చి పైన బండలు పరిచిన ఇళ్లలో కింది గదుల గోడలకు చెమ్మ పట్టడం ఖాయం.

ప్రశ్న: ఫొటోల్లో పిట్టగోడ మాత్రమే కనబడుతోంది. ఆ ఇళ్లకూ మన డాబా లాంటి కప్పేనా? మాది పాత మద్రాస్ టెర్రస్ కప్పు. కారుతోంది, పైన సిమెంటు కాంక్రీటు వేయమంటున్నారు.
— పాఠకురాలు, ట్రిప్లికేన్

జవాబు: డాబా కాదు. పిట్టగోడ వెనక వాలు కప్పు దాగి ఉంటుంది. లండన్ ఇళ్లలో చాలావాటికి రెండు ఉమ్మడి గోడల నుంచి కప్పు మధ్యకి వాలి, నడిమిన కాలవలా కలుస్తుంది. ఆ కాలవ వెనక్కి వాలి నీళ్లను పెరటి వైపు దింపుతుంది. దానికి వేసేది సీసపు రేకు. ఎండకు సాగి చలికి ముడుచుకుంటుంది కాబట్టి ఒక్కో ముక్క ఒకటిన్నర, రెండు మీటర్లు మించకుండా, మెట్టు మెట్టుగా పరుస్తారు. పొడవు రేకు ఒక్కటే పరిస్తే కొన్నేళ్లకు మధ్యలో చిట్లుతుంది. కాలవలో ఆకులు అడ్డం పడితే నీరు రేకు అంచు దాటి ఇంటి నడిమధ్యన దిగుతుంది.

ఇక మీ ఇంటి సంగతి. మద్రాస్ టెర్రస్ కట్టుబడి వేరు. టేకు దంతెల మీద పల్చటి చిన్న ఇటుకలను నిలువంచున, దంతెలకు ఏటవాలుగా సున్నంతో పేరుస్తారు. అది గట్టిపడ్డాక ఇటుక ముక్కలు మూడు పాళ్లు, ఇసుక, గులకలు కలిపి ఒక పాలు, వాటి మొత్తంలో సగం సున్నపు అడుసు కలిపి నాలుగంగుళాలు పోసి, చెక్క బ్యాట్లతో మూడు రోజులు కొట్టి మూడంగుళాలకు దించుతారు. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు చల్లేది ఈ దశలోనే. దాని మీద అరంగుళం మందం పలక పెంకులు మూడు వరసలు, అతుకు మీద అతుకు రాకుండా. పైన సున్నపు పూత. వాలు 36 అడుగులకు ఒక అడుగు.

ఈ కప్పు మీద సిమెంటు కాంక్రీటు వేయవద్దు. మూడంగుళాలు వేస్తే చదరపు మీటరుకు 180 కిలోల బరువు కొత్తగా దంతెల మీద పడుతుంది. లోపలి చెమ్మ పైకి ఆరే దారి మూసుకుపోయి దంతెల వైపు దిగుతుంది. సిమెంటు ఒక చోట బీట వారితే నీరు అక్కడ దిగి ఇంకెక్కడో కారుతుంది, ఆనవాలు దొరకదు. ముందు నీరు పోయే గొట్టాల మూతులు, పిట్టగోడ మూల చూడండి. ఎక్కువ కప్పులు కారేది నడుమ కాదు, ఆ మూలల్లో. పెంకుల అతుకులు గీకి సున్నంతో నింపించి, కదిలిన పెంకులు తీసి పరిపించండి. లోపల ప్రతి దంతె గోడలోకి దూరే చోట జానెడు మేర స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడాలి. సులువుగా దిగితే ఆ కొన పుచ్చింది. కప్పు పని కంటే ముందు ఆ దంతెకు ఆసరా పెట్టించాలి.

ప్రశ్న: జార్జ్‌టౌన్‌లో మా ఇల్లు రెండిళ్ల మధ్య ఉంది, రెండు వైపులా ఉమ్మడి గోడలే. మా ఇల్లు పడగొట్టి మూడంతస్తులు కట్టాలని. పక్కవాళ్లు ఒప్పుకోవడం లేదు, తమ గోడ కూలుతుందంటున్నారు. ఏం చేయాలి?
— వ్యాపారి, కొత్తవాల్ చావడి

జవాబు: పక్కవాళ్ల భయం న్యాయమైనదే. గోడకు గోడ ఆనించి కట్టిన వరసలో ఒక ఇల్లు తీసేస్తే రెండు పక్కల ఇళ్లకూ ఇన్నాళ్లూ ఉన్న ఆసరా పోతుంది. ఇరవై ఏళ్లు అడ్డూ ఆటంకం లేకుండా హక్కుగా పొందిన ఆసరాకు పక్కవారి ఆస్తి మీద ఉండే హక్కుల గురించిన 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం రక్షణ ఇస్తుంది కూడా. కాబట్టి పని ఎలా చేస్తారో కాగితం మీద చూపి ఒప్పించడమే దారి.

ముందు గోడ ఎవరిదో తేల్చండి. దస్తావేజుల్లో హద్దు ఎక్కడన్నది చూసి, తర్వాత గోడను చూడండి. రెండు వైపుల దంతెలూ అదే గోడలోకి దూరితే అది ఉమ్మడిదే. మీది తీసేసినా గోడ ఉండాలి. మీ ఇంజనీరు, వాళ్ల ఇంజనీరు కలిసి వాళ్ల ఇంట్లో ప్రతి గదీ, ప్రతి బీటా తేదీతో ఫొటో తీసి ఇద్దరూ సంతకం పెట్టాలి. ఇది లేకుండా పలుగు వేయకండి. రేపు ఏ బీట పాతది, ఏది కొత్తది అన్న తగవు తీరేది దీనితోనే. బీటల మీద చిన్న గాజు ముక్కలు సిమెంటుతో అంటించి తేదీ రాయండి. గోడ కదిలితే గాజు పగులుతుంది.

కూల్చేటప్పుడు యంత్రం వద్దు. పైనుంచి కిందికి చేత్తో విప్పాలి: పెంకులు, సున్నపు కాంక్రీటు, ఇటుక, ఆ తర్వాత దంతెలు. దంతెను గోడలోంచి ఊపి లాగితే అవతలి దంతె కింద ఇటుక కదులుతుంది. గోడ అంచుకి రంపంతో కోసి, లోపల మిగిలిన కొనను విడిగా, మెల్లగా తీసి, ఆ గూడును అదే రోజు ఇటుక, సున్నంతో నింపాలి. మీ అడ్డగోడలు ఉమ్మడి గోడతో కలిసే చోట ముందు నిలువుగా కోత పెట్టండి. కోత లేకుండా సుత్తితో కొడితే అదురు నేరుగా వాళ్ల గదిలోకి పోతుంది.

అంతస్తు తీసేసిన వెంటనే అదే మట్టంలో ఒక ఉమ్మడి గోడ నుంచి ఇంకో ఉమ్మడి గోడకు అడ్డంగా ఊతాలు బిగించాలి. ఇంగ్లండ్‌లో వరస మధ్య ఇల్లు తీసేటప్పుడు చేసేదీ ఇదే. రెండు గోడలకూ దళసరి పలకలు ఆనించి వాటి మధ్య అడ్డ దూలం, పైకీ కిందికీ ఏటవాలు కర్రలు. మూడు నుంచి నాలుగున్నర మీటర్లకు ఒకటి చొప్పున. మధ్య వెడల్పు 9 మీటర్లు దాటితే ఇది సరిపోదు, నేల నుంచి ఏటవాలు ఊతాలు కావాలి. పక్కిళ్ల రెంటి అంతస్తుల మట్టాలు కలవకపోతే అడ్డ దూలం ఎక్కడ ఆనించాలో ఇంజనీరే నిర్ణయించాలి. గోడకు వెనక నేల లేని చోట ఆనిస్తే ఊతమే గోడను లోపలికి తోస్తుంది.

అసలు ప్రమాదం పునాది దగ్గర. పాత ఇళ్ల పునాది లోతు తక్కువ, మెట్లు మెట్లుగా వెడల్పయ్యే ఇటుక కట్టు. కింద సముద్రపు ఇసుక. దాని పక్కన అంతకంటే లోతుగా ఒకేసారి పొడవునా తవ్వితే ఇసుక జారి పునాది కింద డొల్ల పడుతుంది. మోటారు పెట్టి నీళ్లు తోడితే నీటితో పాటు ఇసుకా వచ్చేస్తుంది. మీ స్తంభాలను ఉమ్మడి గోడకు దూరంగా జరిపి, అంచును దూలాల మీద బయటికి చాచి కట్టడం మా మొదటి సలహా. స్థలం కొంత పోయినా తగవు ఉండదు. పైల్స్ (నేలలోకి లోతుగా దించే పునాది స్తంభాలు) వేయాలంటే తొలిచి పోసేవే వేయించండి, కొట్టి దింపేవి వద్దు. వాళ్ల పునాది కింద కట్టుబడి తప్పనిసరైతే మీటరు, మీటరుంపావు ముక్కలుగా, పక్కపక్క ముక్కలు ఒకేసారి తవ్వకుండా చేయాలి. ఒక ముక్క కట్టి, పైన సందు గట్టిగా కూరి, అది గట్టిపడ్డాకే పక్కది తెరవాలి.

బయటపడ్డ ఉమ్మడి గోడ ఇంతకు ముందు వాన చూసింది కాదు. దానికి సున్నపు పూత పూసి, పైన టార్పాలిన్ కట్టి, గోడ తలకు నీరు దిగకుండా మూత వేయండి. జనవరిలో కూల్చడం మొదలుపెట్టి, సెప్టెంబరు లోగా పునాదులు, నేల అంతస్తు స్లాబు అయ్యేలా చూసుకోండి. అక్టోబరు వానలకు తెరిచిన గొయ్యి, ఊతాల మీద నిలబడ్డ గోడలు రెండూ ఒకేసారి ఉండకూడదు. ఊతాలను మీ కొత్త స్లాబులు ఆ మట్టానికి వచ్చి గట్టిపడ్డాక, కింద నుంచి పైకి ఒక్కొక్కటిగా తీయించండి.

ఒప్పందంలో రాయించవలసినవి: ఊతాల నక్షా, ఫొటోల పుస్తకం, గాజు ముక్క పగిలిన రోజున పని ఆపుతానన్న మాట, బాగుచేసే ఖర్చు మీదేనని. ఈ మాటలన్నీ రాసి రిజిస్టరు చేయించి వాళ్ల చేతిలో ఒక కాపీ పెట్టండి. ఆ ప్రాంతంలో పక్క ఖాళీ వదలకుండా కట్టే అనుమతి ఉంది గానీ, మీ స్థలం దాని కిందికి వస్తుందో లేదో ప్లాను పెట్టే ముందు చెన్నై నగరాభివృద్ధి సంస్థ సీఎండీఏలో కనుక్కోండి.